దెబ్బ కాచుకోవడమంటే కత్తి అడ్డం పెట్టి నిలబడటం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం సంచికలో మధ్యయుగపు యూరప్ యుద్ధాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. కోటల గురించి, గుర్రాల గురించి రాసిన భాగం బాగుంది, మా అబ్బాయికి కూడా చదివి వినిపించాను. కత్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరుకోలేకపోయాను. జర్మన్ వీరుల కత్తులు పది పదిహేను కిలోలు ఉండేవట, వాళ్ళకి విద్య అంటూ ఏమీ లేదట, ఎదుటివాడి దెబ్బని కత్తితో ఆపడం, ఆ తర్వాత ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిరిగి కొట్టడం, ఇదే వాళ్ళ పోరాటమట. నేను జర్మనీలో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఇక్కడి ఒక క్లబ్బులో ఆ పాత జర్మన్ కత్తివిద్యే నేర్చుకుంటున్నాను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బరువు సంగతి త్వరగా తేల్చేస్తాను. రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తి, వీళ్ళు లాంగెస్ ష్వెర్ట్ అనేది, మ్యూజియంలలో మిగిలిన అసలైనవి చాలావరకు కిలోన్నరకి అటూ ఇటూగా ఉంటాయి, పొడవు 110 నుంచి 130 సెంటీమీటర్ల దాకా. 16వ శతాబ్దంలో కాల్బలం వాడిన మనిషంత ఎత్తు కత్తులు కూడా మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోల మధ్యే. ఊరేగింపుల కోసం చేయించినవి ఇంకా బరువుండొచ్చు గానీ వాటితో ఎవరూ యుద్ధానికి పోలేదు. పదిహేను కిలోల ఇనుముని చేతులు చాచి పట్టుకుని రెండు దెబ్బలు వెయ్యమంటే మల్లయోధుడైనా వెయ్యలేడు, మూడో దెబ్బకి ముందే అవతలివాడు పని పూర్తిచేస్తాడు.

ఇక విద్య లేదన్న మాట. యోహానెస్ లీష్టెనావర్ అని 14వ శతాబ్దంలో ఒక గురువు ఉండేవాడు. ఆయన జీవితం గురించి మనకి తెలిసింది చాలా తక్కువ, కానీ ఆయన చెప్పిన పద్యాలు మిగిలాయి. బయటివాళ్ళకి అర్థం కాకూడదని కావాలనే మూసిపెట్టిన మాటలతో కట్టిన పద్యాలు అవి. తర్వాతి తరాల గురువులు వాటికి టీకలు రాశారు. సూత్రం, దాని కింద వ్యాఖ్యానం అన్న పద్ధతి మనకి కొత్త కాదు కదా, అచ్చం అలాగే ఉంటాయి ఆ పుస్తకాలు, పైన రెండు పాదాల పద్యం, కింద అడుగు ఎటు వెయ్యాలి, చెయ్యి ఎక్కడ ఉండాలి అన్న వివరం. వాటిలో పాతది అనుకునే రాతప్రతి నూరెంబర్గ్‌లోని జర్మన్ నేషనల్ మ్యూజియంలో ఉంది, 14వ శతాబ్దం చివరిదో 15వ శతాబ్దం మొదటిదో. 1452లో రాసిన ఇంకొకటి రోమ్‌లో ఉంది. జిగ్మండ్ రింగెక్ అనే గురువు టీక డ్రెస్డెన్ ప్రతిలో దొరికింది. హాన్స్ టాల్‌హోఫర్ బొమ్మల పుస్తకం, 1467 నాటిది, మ్యూనిక్‌లో ఉంది. ఇంతకంటే పాతది, యూరప్‌లో మిగిలిన కత్తివిద్య పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది, ఇంగ్లండ్‌లోని లీడ్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని 1320 ప్రాంతంలో జర్మన్ నేల మీదే తయారు చేశారంటారు, అందులో కత్తి, చేతిడాలు పట్టి నేర్పేది ఒక క్రైస్తవ పూజారి. చివరి బొమ్మల్లో ఆయనతో సమానంగా నిలబడి సాధన చేసేది వాల్‌పుర్గిస్ అనే ఒక స్త్రీ. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఇన్ని పుస్తకాలు రాసుకున్నవాళ్ళని విద్య లేనివాళ్ళంటే ఎలా?

సరే, అసలు విషయం. దెబ్బని ఆపి ఆ తర్వాత కొట్టడమే వాళ్ళ పోరాటం అన్నారు మీ వ్యాసకర్త. ఆ పుస్తకాలు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. దెబ్బని ఊరికే ఆపడం వాళ్ళ దృష్టిలో చేతగాని పని. లీష్టెనావర్ పద్యాల్లోనే ఉంది, కత్తి అడ్డం పెట్టే పనికి దూరంగా ఉండు, గతిలేక ఆ స్థితిలో పడితే చాలా కష్టపడతావు అని. దాని కింద టీకాకారులు ఇంకా విడమరిచి చెప్పారు, మామూలు కత్తిగాళ్ళలా ఎదుటివాడు ఏం చేస్తాడా అని చూస్తూ కూర్చోకు, వాడు నరికితే నువ్వూ నరుకు, వాడు పొడిస్తే నువ్వూ పొడువు అని.

ఎందుకలా అన్నారో కత్తి చేతిలో పట్టుకుంటే తప్ప తెలియదు, అందుకని వివరంగా చెప్తాను. ఎదుటివాడు మీ తల ఎడమపక్కకి కొట్టాడు, మీరు కత్తి అడ్డం పెట్టారు, దెబ్బ ఆగింది. ఇప్పుడు వంతు ఎవరిది? మీదే అనుకుంటారు మీరు. కానీ రెండు చేతుల కత్తికి ఒక గుణం ఉంది, పై చెయ్యి ఇరుసులా నిలిచి కింది చెయ్యి పిడి చివరని కాస్త తోస్తే చాలు, మొన ఇటు నుంచి అటు తిరిగిపోతుంది. మీ ఎడమపక్క ఆగిన కత్తి మీరు ఊపిరి పీల్చుకునేలోగా కుడిచెవి దగ్గర ఉంటుంది. మళ్ళీ అడ్డం పెడతారు. ఈసారి మోకాలి మీదకి వస్తుంది. మళ్ళీ అడ్డం పెడతారు. ఆపినంతసేపూ మీ కత్తి వాడి కత్తి వెనకాల పరిగెడుతూనే ఉంటుంది, ఎక్కడ కొట్టాలో ఎప్పుడు కొట్టాలో నిర్ణయించేది వాడు. అన్నీ ఆపితే మీరు బతికారు, అంతే, వాడికి ఏమీ కాలేదు. ఒక్కటి తప్పితే మీరు పోయారు. లీష్టెనావర్ సంప్రదాయంలో దీన్నే ముందు, వెనక అనే రెండు మాటలతో చెప్తారు, ముందు ఉన్నవాడు పని ఇస్తాడు, వెనక ఉన్నవాడు ఆ పని చేస్తూ ఉంటాడు. దెబ్బ ఆపడం అంటే వెనకే ఉండిపోవడం. కాబట్టి కాచుకునే కదలికలోనే వెనక నుంచి ముందుకి రావాలి. వాళ్ళ కాపు పద్ధతులన్నీ ఈ ఒక్క అవసరం కోసమే కట్టినవి.

ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. దీని పేరు త్సోర్న్‌హావ్, కోపంతో మనిషి సహజంగా వేసే దెబ్బ, కుడి భుజం మీద నుంచి ఏటవాలుగా కిందికి. ఎదుటివాడు తన కుడిపక్క నుంచి మీ తల మీదకి అలా కొట్టాడనుకోండి. మీరు వెనక్కి తగ్గరు, కత్తి అడ్డంగా పైకెత్తరు. కుడికాలు ముందుకీ కాస్త కుడికీ వేస్తూ మీరు కూడా మీ కుడి భుజం మీద నుంచి అదే దెబ్బ వేస్తారు, వాడి కత్తి వచ్చే దారిలోకి. రెండు కత్తులూ మధ్యలో కలుస్తాయి. మీ అడుగు పక్కకి పడింది కాబట్టి వాడి కత్తి మీ శరీరానికి బయటగా జారుతుంది, మీ కత్తి మొన మాత్రం వాడి ముఖానికి ఎదురుగా నిలుస్తుంది. ఇంతవరకు మీరు చేసింది కాచుకోవడమా, కొట్టడమా? రెండూ. ఒకే కదలిక. ఇప్పుడు కత్తి ఆనుకున్న చోట వాడి ఒత్తిడి మెత్తగా ఉంటే, చేతులు చాచి మొనని నేరుగా ముఖంలోకి పొడవడమే. వాడు భయపడి మీ కత్తిని గట్టిగా పక్కకి తోశాడనుకోండి, ఆ తోపుకి ఎదురు తోయొద్దు, కత్తిని పైకి లేపి వాడి కత్తి మొన మీదుగా దాటించి ఇవతలి పక్క తల మీద వేసెయ్యాలి, వాడి కత్తి తోపుతో పాటే అటు పోయి ఉంటుంది కాబట్టి ఈ పక్క ఖాళీ. వాడు గట్టిగానే ఉండి పక్కకి మాత్రం తొయ్యకపోతే, చేతులు పైకెత్తి మీ పిడి దగ్గరి గట్టి భాగాన్ని వాడి కత్తి చివరి బలహీనమైన భాగం మీదకి తిప్పుతూ పై నుంచి పొడవాలి. చదవడానికి ఇంత సేపు పట్టింది గానీ చెయ్యడానికి ఒక్క క్షణం. ఏది చెయ్యాలన్నది ముందే అనుకుని వెళ్ళడానికి లేదు, కత్తి ఆనిన తర్వాత చేతికి తెలియాలి.

ఈ చేతికి తెలియడం అనేదే నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. కళ్ళతో చూసి నిర్ణయించుకునేంత సమయం అక్కడ ఉండదు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేటప్పుడు పైన గాలి ఎటు లాగుతోందో దారం మీదున్న వేలికి ఎలా తెలుస్తుందో, కత్తి ఒరిపిడిలో ఎదుటివాడి ఉద్దేశం అరచేతికి అలా తెలుస్తుంది. వాళ్ళు దీన్ని ఫ్యూలెన్ అన్నారు. తెలిసిన ఆ క్షణంలోనే, వాడు ఒకటి చేస్తుండగానే మీరు మీ పని చెయ్యడాన్ని ఇన్‌డెస్ అన్నారు. గట్టిగా ఉన్నవాడి దగ్గర మెత్తగా ఉండు, మెత్తగా ఉన్నవాడి దగ్గర గట్టిగా ఉండు అని నూరెంబర్గ్ ప్రతిలో పదేపదే వస్తుంది. బలమే సర్వస్వం అయితే ఈ మాట అక్కడ ఎందుకుంటుంది? బలవంతుడు తోస్తే ఆ తోపునే వాడుకుని బలహీనుడు గెలవాలనే కదా దాని అర్థం. మా క్లబ్బులో నాకంటే అడుగు ఎత్తు ఉండి రెండింతలు బరువున్న మనిషితో నేను సాధన చేస్తాను, వాడి కత్తిని ఎదురు తోసి ఆపాలని చూస్తే నా మణికట్టు నిలవదు. వాడు తోసిన వైపు నుంచి తప్పుకుని రెండో పక్కకి వెళ్తే మాత్రం ఇద్దరం సమానం.

మొన గురించి ఇంకొక పద్ధతి చెప్పాలి, ఆబ్‌జెట్సెన్ అంటారు. సినిమాల్లో మీరెప్పుడూ చూసి ఉండరు, ఎందుకంటే బయటికి ఏమీ కనిపించదు. ఎడమకాలు ముందు పెట్టి, పిడిని కుడిపక్క నడుము దగ్గర ఉంచి, మొనని ఎదుటివాడి ముఖం వైపు పెట్టి నిలబడతారు, నాగలి అని పేరు ఆ నిలకడకి. ఎడమపక్క కావాలనే ఖాళీగా వదులుతారు. ఎదుటివాడు ఆ ఖాళీ చూసి పొడవడానికి వస్తాడు. అప్పుడు పిడిని కుడి నుంచి ఎడమకి తీసుకెళ్తూ కత్తిని వాడి కత్తి మీదకి తిప్పి, అదే ఊపులో కుడికాలు ముందుకి వెయ్యాలి. పిడి జరగాలి, మొన మాత్రం ఉన్నచోటు నుంచి పక్కకి పోకూడదు. అలా చేస్తే వాడి పొడుపు పక్కకి పోతుంది, మీ మొన మీద వాడే వచ్చి పడతాడు. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒక్కటే, కంగారులో కత్తి మొత్తాన్ని పక్కకి ఊపేస్తారు, మొన గోడ వైపు చూస్తూ ఉంటుంది, దెబ్బ తప్పింది గానీ చేతిలో ఏమీ మిగలదు. మా గురువు ఇక్కడే గంటలు గంటలు నిలబెడతాడు. మొనకి ఎదురుగా గోడ మీద చిన్న చుక్క పెట్టి, పిడి ఇటూ అటూ కదిలినా మొన ఆ చుక్క దాటకూడదంటాడు. ఇంట్లో కర్రతో కూడా చెయ్యొచ్చు, చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక నాలుగు కాపులని ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది వాళ్ళ దగ్గర, ఫియర్ ఫెర్‌జెట్సెన్ అని. కాపు అని పేరే గానీ నాలుగూ నరుకుళ్ళే. కత్తి పట్టి నిలబడే నిలకడలు ముఖ్యంగా నాలుగు అని చెప్పి, ఒక్కో నిలకడని ఒక్కో దెబ్బతో విరగ్గొట్టమంటారు. పిడి తల పక్కన పెట్టి మొన ముందుకి పెట్టి ఎద్దులా నిలబడినవాణ్ణి క్రుంప్‌హావ్ అనే వంకర దెబ్బతో, కత్తి భుజం మీదకో తల మీదకో ఎత్తినవాణ్ణి ట్స్వెర్ఖ్‌హావ్ అనే అడ్డదెబ్బతో, నాగలి పట్టినవాణ్ణి షీల్‌హావ్ అనే ఓరచూపు దెబ్బతో, మొన నేలకి దించి మూర్ఖుడిలా నిలబడినవాణ్ణి షైటెల్‌హావ్ అనే నడినెత్తి దెబ్బతో. అంటే వాడు కొట్టేదాకా ఆగి కాచుకోవడం కాదు, వాడు ఎక్కడి నుంచి కొట్టగలడో ఆ దారినే ముందుగా మూసెయ్యడం. ఈ నాలుగింటిలో ట్స్వెర్ఖ్‌హావ్ నాకు చాలా అందంగా అనిపిస్తుంది. వాడు పై నుంచి నెత్తి మీదకి కొడుతున్నాడు. మీరు కుడికాలు వాడి ఎడమపక్కకి దూకుడుగా వేస్తూ, పిడిని మీ తల ముందు ఎత్తుగా తిప్పి, బొటనవేలు కత్తి రేకు కిందికి వచ్చేట్టు పట్టి, కత్తిని అడ్డంగా వాడి తల ఎడమపక్కకి తిప్పి కొడతారు, అదీ మీవైపు ఉండే వెనక వాదరతో. పిడి, దాని అడ్డకమ్మీ మీ నెత్తికి గొడుగు పట్టినట్టు ఉండి పై నుంచి వచ్చే దెబ్బని పట్టేస్తాయి, అదే సమయంలో కత్తి రేకు వాడి చెవి దగ్గరికి చేరుతుంది. కాపు, దెబ్బ రెండూ ఒకే కత్తికి రెండు చివరల జరుగుతున్నాయన్నమాట. దీన్ని మొదటిసారి నెమ్మదిగా చేయించి చూపించినప్పుడు ఇది కనిపెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యకపోతే తప్పవుతుంది. వాడు కొడితే నువ్వూ కొట్టు అన్న మాటని పట్టుకుని, కాచుకోవడమే అక్కర్లేదు, ఎదురు కొట్టేస్తే చాలు అనుకునేవాళ్ళు ఈ రోజుల్లో క్లబ్బుల్లో బోలెడుమంది ఉన్నారు. ఫలితం ఏమిటంటే ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. ముసుగులు, దూది కోట్లు, మొద్దు కత్తులు ఉన్నాయి కాబట్టి నవ్వుకుంటూ మళ్ళీ మొదలుపెడతారు. అసలు కత్తులైతే ఇద్దరూ పాడె ఎక్కేవాళ్ళు. పోటీల్లో ఇలా ఇద్దరికీ తగిలితే చాలాచోట్ల పాయింట్లు ఇవ్వరు, కొన్నిచోట్ల ఇద్దరికీ కోత వేస్తారు, నా ఉద్దేశంలో అది చాలా మంచి పని. పాత గురువులు చెప్పిన ఎదురుదెబ్బ ముందు వాడి కత్తి దారిని మూస్తుంది, మూస్తూ తగులుతుంది. దారి మూయని ఎదురుదెబ్బ ఆత్మహత్యతో సమానం.

ఇంకో సంగతి, ఊరికే ఆపడం ఎప్పుడూ పనికిరాదని కూడా అనకూడదు. యోఆఖిం మాయర్ అని స్ట్రాస్‌బూర్గ్‌లో కత్తులు, చాకులు చేసే వృత్తి మనిషి ఉండేవాడు, పుట్టింది బాసెల్‌లో. ఆయన 1570లో అచ్చువేసిన పుస్తకం ఈ విద్యలో నా దృష్టిలో అన్నిటికంటే క్రమంగా, విద్యార్థికి అర్థమయ్యేలా రాసిన పుస్తకం. ఆయన కాపుని రెండు రకాలుగా విడగొట్టాడు. ఒకటి ఊరికే కత్తి అడ్డం పెట్టడం, అది భయంలోంచి వస్తుంది, దాంట్లో గెలుపు లేదు, దెబ్బ పడకుండా ఉండటం తప్ప. రెండోది కాచుకుంటూనే కొట్టడం, పాతవాళ్ళు మెచ్చుకున్నది ఇదే అంటాడు. అయినా మొదటిదాన్ని ఆయన తీసిపారెయ్యలేదు, అడ్డం పెట్టి వెంటనే రెండో దెబ్బకి ఎలా మారాలో పేజీలకి పేజీలు రాశాడు. నాకు మాయర్ మాటే సబబు అనిపిస్తుంది. రెండు కత్తుల దూరం ఎంతో, మనిషి ఎంత వేగంగా వస్తాడో ఇంకా అలవాటు లేని కొత్తవాడికి ముందు ప్రాణం కాపాడుకోవడం రావాలి, ఆ తర్వాతే ఒకే కదలికలో రెండు పనులు. ఆ పుస్తకం కోసం ఎంతో కష్టపడ్డ మనిషి, అది అచ్చయిన మరుసటి ఏడాదే, 1571 ఫిబ్రవరిలో, ఇల్లు వదిలి ఉద్యోగానికి వెళ్ళిన ష్వెరిన్‌లో చనిపోయాడు. 1600లో ఆగ్స్‌బుర్గ్‌లో ఆ పుస్తకం మళ్ళీ అచ్చయ్యింది, ఆయన చూడలేదు.

వాదరతో కాచుకోవాలా, కత్తి రేకు వెడల్పు పక్కతో కాచుకోవాలా అన్న గొడవ ఈ విద్య నేర్చుకునేవాళ్ళ మధ్య చాలా ఏళ్ళు నడిచింది. వాదరకి నొక్కులు పడితే కత్తి పాడవుతుంది కాబట్టి ఎప్పుడూ వెడల్పు పక్కతోనే ఆపేవాళ్ళని ఒక వర్గం గట్టిగా వాదించింది. నేను చెప్పిన త్సోర్న్‌హావ్ చూడండి, దెబ్బ మీదకి దెబ్బ వేస్తే వాదర వాదర తాకకుండా ఎలా ఉంటుంది? తాకుతుంది, కాకపోతే సూటిగా గొడ్డలితో మొద్దుని కొట్టినట్టు కాకుండా ఏటవాలుగా, జారుతూ తాకుతుంది, నొక్కు చిన్నదే పడుతుంది. ప్రాణం మీదకి వచ్చినప్పుడు కత్తికి గాటు పడుతుందని ఆలోచించేవాడెవడు? ఈ మధ్య 2020లో అచ్చయిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పుకోదగ్గది. న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకొందరు పురావస్తు నిపుణులతో కలిసి కంచుయుగం కత్తులకి నకళ్ళు చేయించి, ఈ మధ్యయుగపు జర్మన్ పద్ధతులు తెలిసినవాళ్ళ చేత కొట్టించి, పడిన నొక్కుల్ని మ్యూజియంలలోని మూడువేల ఏళ్ళ నాటి అసలు కత్తుల మీది నొక్కులతో పోల్చి చూశారు. కత్తికి కత్తి ఆనించి, ఒత్తిడితో పక్కకి తిప్పే పద్ధతుల్లో పడే గుర్తులు అసలు వాటి మీద కూడా కనిపించాయి. ఆ కంచు కత్తుల వీరులు పుస్తకాలేవీ రాసి పెట్టలేదు, వాళ్ళ కత్తులే చెప్పాయి.

మన పాఠకులకి ఇదంతా కొత్తగా ఉండటానికి కారణం నాకు తెలుసు. మనం కత్తియుద్ధం అంటే చూసింది జానపద సినిమాల్లో, కత్తి కాంతారావు గారి కాలం నుంచి. మా నాన్నగారితో కూర్చుని టీవీలో నేనూ ఎన్నో చూశాను, ఆ మెట్ల మీద యుద్ధాలు ఈనాటికీ నాకు ఇష్టం. కానీ సినిమాలో దెబ్బ మనిషికి వెయ్యరు, ఎదుటివాడి కత్తికి వేస్తారు. వెయ్యాల్సిందే అలా, నటుల ప్రాణాలు ముఖ్యం, పైగా చివరి బెంచీలో ఉన్నవాడికి కూడా ఎవరు కొట్టారో ఎవరు కాచుకున్నారో కనిపించాలి. అందుకని ఖణేల్ ఖణేల్ మని ఒకటి కొట్టడం ఒకటి ఆపడం, ఒకటి కొట్టడం ఒకటి ఆపడం. తెర మీద అది అందం. దాన్నే చరిత్ర అనుకుని పత్రికలో రాస్తేనే చిక్కు.

ఆటగా ఆడే ఫెన్సింగ్ ఇంకో రకం. చెన్నై అమ్మాయి భవానీ దేవి సేబర్ అనే కత్తి విభాగంలో టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళి, ఫెన్సింగ్‌లో ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయురాలైనప్పుడు మీ పత్రిక కూడా మొదటి పేజీలో వేసింది, గుర్తుంది. సేబర్‌లో ఎదుటివాళ్ళ దాడిని కాచుకుంటే తిరిగి కొట్టే హక్కు మీకు వస్తుందని నియమం, ఇద్దరూ ఒకేసారి తాకితే ఆ హక్కు ఎవరిదో రిఫరీ చూసి పాయింటు ఇస్తాడు. కాబట్టి అక్కడ ముందు కాపు, తర్వాత దెబ్బ అని రెండు అంచెలుగా విడగొట్టి నేర్పడం బాగా నప్పుతుంది. లీష్టెనావర్ శిష్యులకి రిఫరీ లేడు. కాచుకున్నావు కాబట్టి ఇప్పుడు నీ వంతు అని ఎదుటివాడు ఆగి నిలబడడు.

ఈ విద్య జర్మనీలో ఎడతెగకుండా రాలేదన్నది కూడా చెప్పాలి. 1487లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ దగ్గర హక్కుపత్రం తెచ్చుకున్న మార్క్స్‌బ్రూడర్ అనే కత్తిగాళ్ళ సంఘం ఫ్రాంక్‌ఫర్ట్ కేంద్రంగా తరతరాలు నడిచింది, తర్వాత దానికి పోటీగా ఫెడర్‌ఫెష్టర్ అనే ఇంకో సంఘం వచ్చింది. కాలం మారింది, తుపాకులు వచ్చాయి, సన్నటి ఇటాలియన్ కత్తులు వచ్చాయి, రెండు చేతుల కత్తి నేర్పేవాళ్ళు లేకుండా పోయారు. ఇప్పుడు మేమంతా చేస్తున్నది పుస్తకంలో ఒక వాక్యం చదివి, ఇద్దరు నిలబడి ఇలా అయి ఉంటుందా అలా అయి ఉంటుందా అని ప్రయత్నించడం. బొటనవేలు ఎక్కడ ఉండాలన్న దాని మీద సాయంత్రమంతా వాదించుకున్న రోజులున్నాయి. గురువు బతికి ఉంటే వచ్చి మణికట్టు పట్టుకుని ఇదిగో ఇలా అని తిప్పి చూపించేవాడు, పని అరనిమిషంలో అయిపోయేది.

మనకి ఆ అదృష్టం ఇంకా ఉంది. కర్రసాము, కత్తిసాము నేర్పే గురువులు ఆంధ్రలో, తెలంగాణలో ఊళ్ళలో ఇంకా ఉన్నారు, పండగలప్పుడు, ఊరేగింపుల్లో వాళ్ళ ప్రదర్శనల ఫోటోలు మీరే వేస్తుంటారు. ఫోటో కింద రెండు వాక్యాలతో సరిపెట్టకుండా, ఈసారి మీ విలేఖరిని ఒక పూట అలాంటి గురువు దగ్గర కూర్చోబెట్టండి. నెత్తి మీదకి కర్ర వస్తే ఆయన ఏ కాలు ఎటు వేస్తాడు, చేతుల మధ్య దూరం ఎంత ఉంచుతాడు, కర్ర ఆనాక ఏం చేస్తాడు, ఊరికే ఆపుతాడా, జార్చి కొడతాడా అని అడిగి, ఆయన మాటల్లోనే రాయించండి. చదవడానికి నాలాంటివాళ్ళం చాలామందిమి ఉన్నాం.

ఆదివారం వ్యాసానికి సవరణ వేస్తారనే అనుకుంటున్నాను. స్థలం తక్కువైతే కనీసం పదిహేను కిలోలు అన్న చోట కిలోన్నర అని మార్చండి, ఆపి ఆ తర్వాత కొట్టేవాళ్ళు అన్న వాక్యం తీసెయ్యండి. బొమ్మ కావాలంటే టాల్‌హోఫర్ 1467 ప్రతిని మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయం స్కాన్ చేసి తన సైట్లో ఉచితంగా పెట్టింది, అందులోంచి తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
స్టుట్‌గార్ట్, జర్మనీ